ఫ్యూజు ఎవరి జేబులో ఉంది?

(జాతీయ భద్రతా వారోత్సవాల్లో, హనుమకొండలో ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్ట్రక్టర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దూరం జరపండి బాబూ. మోటార్ల చప్పుడు మధ్య ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన గొంతు ఇది, మైకు లేకున్నా వెనక బెంచీ దాకా వస్తుంది.

1966 మార్చి 4న జాతీయ భద్రతా మండలి పెట్టారు కాబట్టి ఏటా ఈ వారం మనకు సేఫ్టీ గుర్తొస్తుంది. బ్యాడ్జీ పెడతారు, ప్రతిజ్ఞ చేయిస్తారు. చేయండి, తప్పేం లేదు. నేను మాత్రం రూల్స్ చదివి వినిపించడానికి రాలేదు. అవి మీ వర్క్‌షాపు గోడ మీదే ఉన్నాయి, ఇందాక చూశాను. పద్నాలుగు. ఏడో రూల్ మీద సైకిల్ స్టాండ్ నోటీసు అంటించారు. (నవ్వులు) ఆ ఏడోది ఏమిటో ఎవరైనా చెప్తారా? పోనీ, ఎనిమిదోది? దాని మీద ఏ నోటీసూ లేదు కదా!

ఇది చూడండి. (జేబులోంచి తీసి) పింగాణీ ఫ్యూజు. కిట్‌క్యాట్ అంటాం. మీలో సగం మంది దీన్ని పాత సామాన్ల కొట్లో తప్ప చూసి ఉండరు. ఇది నా జేబులోకి ఎలా వచ్చిందో చెప్తాను.

1986, పత్తి సీజను. నర్సంపేట వైపు ఒక జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్ దగ్గర హెల్పర్‌గా చేరాను. మా పెద్ద ఎలక్ట్రీషియన్‌ను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఖాకీ చొక్కా, చెవి వెనక టెస్టరు. సీజన్‌లో జిన్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. గాలంతా దూదే. అన్నం ముద్దలో కూడా దూది వచ్చేది. ఒకరోజు మధ్యాహ్నం కన్వేయర్ మోటారు ఒక ఫేజు పోయి గురగురమంటోంది. వెళ్లి చూడమన్నాడు. మెయిన్ బోర్డు వేరే గదిలో ఉంటుంది, మోటారు దగ్గరి నుంచి నలభై అడుగులు. వెళ్లి మెయిన్ ఆపాను, మూడు ఫ్యూజులూ లాగాను, బోర్డు నెత్తిమీదే పెట్టాను. వచ్చి మోటారు టెర్మినల్ బాక్స్ మూత విప్పి, స్పానర్ పట్టుకుని కూర్చున్నాను.

ఉస్తాద్ వచ్చాడు. "ఫ్యూజులేవిరా?" అన్నాడు. బోర్డు మీద పెట్టినానన్నాను. చెంప మీద ఒకటి పడింది. చెవి పట్టుకుని బోర్డు గదికి తీసుకుపోయాడు. చూస్తే, మూడు ఫ్యూజులూ వాటి వాటి హోల్డర్లలో చక్కగా కూర్చుని ఉన్నాయి. మెయిన్ హ్యాండిల్ ఒక్కటే ఇంకా కిందికి ఉంది.

ఎవరు పెట్టారు? ప్రెస్సు దగ్గర పనిచేసే ఒక పెద్దాయన. కన్వేయర్ ఆగింది, పత్తి పేరుకుపోతోంది, ఎలక్ట్రీషియన్ ఎక్కడా కనబడలేదు. ఫ్యూజులు ఊడి ఉన్నాయి కదా అని పెట్టేశాడు. మెయిన్ ఎత్తడానికి మాత్రం భయపడి, మమ్మల్ని వెతుక్కుంటూ అటువైపు వెళ్లాడు. ఆయన ఇంకొంచెం ధైర్యవంతుడైతే మీకు ఇవాళ వేరే సార్ వచ్చి ఉండేవాడు.

ఉస్తాద్ ఆ పెద్దాయనను ఒక్క మాట అనలేదు. నాతో అన్నాడు: "ఆయన మంచోడు. పని ఆగొద్దని చేసిండు. మంచోళ్లతోనే భయం రా. దొంగోడు ఫ్యూజు ఎత్కపోతడు, మంచోడు తెచ్చి పెడ్తడు. నువ్వు పన్జేసే లైను ఫ్యూజు నీ జేబుల ఉండాలె."

నలభై ఏళ్లు కావొస్తోంది, ఆ మాట నాకు వదల్లేదు. మనం రూల్ అనగానే చెడ్డవాణ్ణి ఆపడానికి అనుకుంటాం. పోలీసు, చలానా, జైలు. వర్క్‌షాపులో, రోడ్డు మీద, బొగ్గుబాయి లోపల ఉండే రూల్స్‌లో చాలా వాటికి చెడ్డవాళ్లతో పనే లేదు. నాకు కనబడని మనిషి ఒకడు ఉన్నాడు, వాడికి నేను ఏం చేస్తున్నానో తెలియదు. వాడికి నేను చెప్పి పెట్టే మాట అది. నా జేబులో ఫ్యూజు ఉందంటే, బోర్డు గదిలోకి వచ్చినవాడికి నేను అక్కడ లేకుండానే "ఆగు, మనిషి ఉన్నాడు" అని చెప్పినట్టు.

మీలో లైన్‌మన్లు అయ్యేవాళ్లు ఉంటారు. 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల లైను మీద పని పడితే సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకోవాలి. లైన్ క్లియర్. ఆపరేటర్ ఫీడర్ ఆపుతాడు, రిజిస్టర్‌లో రాస్తాడు. ఎవరు తీసుకున్నారో ఆ మనిషే మళ్లీ రిటర్న్ చేయాలి. "మా వాడు కిందికి దిగినట్టున్నాడు, వేసెయ్ అన్నా" అని పక్కవాడు ఫోన్ చేస్తే చెల్లదు. ఎందుకంటే ఆపరేటర్‌కు స్తంభం కనబడదు. ఎక్కడో పది కిలోమీటర్ల అవతల స్తంభం మీద ఉన్నవాడికీ ఆపరేటర్ చెయ్యి కనబడదు. వాళ్లిద్దరి మధ్య ఉన్నదల్లా ఆ మాట. ఎల్‌సీ చేతిలో ఉన్నా లైనును భూమికి కలిపే షార్టింగ్ రాడ్లు వేశాకే ముట్టుకోవాలన్నది కూడా అందుకే. ఏ ఫంక్షన్ హాల్లోనో జనరేటర్ తప్పుగా కలిపి ఉంటే కరెంటు వెనక్కి వస్తుంది. ఆ జనరేటర్ వేసినవాడు మిమ్మల్ని చంపాలని వేయలేదు పాపం, అక్కడ పెళ్లి జరుగుతోంది.

మా పెద్దబావ గోదావరిఖని బొగ్గుబాయిలో సర్దారుగా చేశాడు. అండర్‌గ్రౌండ్. షిఫ్టు మొదట్లో పైకప్పును కర్రతో కొట్టి వినడం ఆయన పని. గట్టి బండైతే టంగుమంటుందట. లోపల విడిపోయి ఉంటే డొల్ల చప్పుడు, ఖాళీ కుండ మీద కొట్టినట్టు. ఆయన దసరాకు వస్తే మా ఇంటి గోడలు కూడా కొట్టి చూసేవాడు. (నవ్వులు) ఆ చెకింగు అయ్యాక అక్కడే బొగ్గు మీద సుద్దతో తేదీ, తన పొట్టి సంతకం వేసేవాడు. తర్వాత వచ్చేవాడు చీకట్లో క్యాప్ ల్యాంప్ వేసి ఆ సుద్దగీత చూసుకుని పనిలోకి దిగుతాడు. బావ మొహం చూడక్కర్లేదు, ఆ గీత మీద నమ్మకం చాలు.

బొగ్గుబాయిల్లో ఇంకో రూల్ ఉంది. నీళ్లు నిండిన పాత పనులకు, అంటే ఎప్పుడో తవ్వి వదిలేసిన చోట్లకు, 60 మీటర్ల దగ్గరికి వస్తే, రాతపూర్వక అనుమతి లేకుండా ముందుకు తవ్వకూడదు. అనుమతి వచ్చినా, ముందు బోరు వేసుకుంటూ, చూసుకుంటూ పోవాలి. నాకు ఇందులో ఆశ్చర్యం ఏమిటంటే, ఆ 60 మీటర్లు కొలిచేది మ్యాపు మీద. పాత పనులు ఎప్పుడో ఎవరో చేసి వదిలేసినవి. ఆ మ్యాపు గీసిన సర్వేయర్ బతికి ఉన్నాడో లేడో. అతను ఆరోజు గీత సరిగ్గా గీశాడా లేదా అన్నదాని మీద ఇవాళ షిఫ్టులో దిగినవాడి ప్రాణం ఉంటుంది. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో నీళ్లు దూకి 375 మంది పోయారు. 2003 జూన్ 16న మన గోదావరిఖనిలో, 7 ఎల్ఈపీ అనే గనిలో, నీళ్లొచ్చి 17 మంది పోయారు. ఆ వారమంతా మా అక్క ఫోన్ మోగితే ఎత్తడానికి భయపడింది. బావ ఆ గనిలో పనిచేయలేదు, అయినా సరే.

సరే, రోడ్డు మీదికి వద్దాం. మీ బండి మీద హెల్మెట్ ఎక్కడ ఉంటుంది? ట్యాంకు మీద. లేకపోతే మోచేతికి. పోలీసులుండే అదాలత్ సెంటర్ దగ్గర పడగానే తలమీదికి ఎక్కుతుంది, దాటగానే మళ్లీ మోచేతికి. అంటే మీ మోచేతికి మంచి రక్షణ ఉంది. (నవ్వులు) దేశంలో 2022 ఒక్క సంవత్సరంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. ఈ అంకె చెప్తే ఎవరూ హెల్మెట్ పెట్టుకోరని నాకు తెలుసు, అయినా చెప్పాను. పెద్ద అంకెలు మనవి కావు కదా, ఎవరివో అనిపిస్తాయి.

మరి చలానాతో పెట్టుకుంటారా? ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్లో ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక పని చేశారు. 2000లో అచ్చయింది. పసిపిల్లల్ని చూసుకునే కేంద్రాలు పది. సాయంత్రం తల్లిదండ్రులు ఆలస్యంగా వచ్చి పిల్లల్ని తీసుకెళ్తుంటారు, ఆయమ్మలు కాచుకుని కూర్చోవాలి. ఆరు కేంద్రాల్లో, ఆలస్యమైతే పది షెకెల్లు జరిమానా అన్నారు. ఆలస్యాలు తగ్గాలి కదా? దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు ఆలస్యమైతే ఆయమ్మ ముందు మొహం చెల్లేది కాదు. ఇప్పుడు పది షెకెల్లు పారేస్తే సరి. తర్వాత జరిమానా ఎత్తేసినా ఆలస్యాలు తగ్గలేదు. సిగ్గుకు ఒకసారి రేటు కట్టాక, రేటు తీసేసినా సిగ్గు తిరిగి రాలేదు.

మన దగ్గర ఏం జరిగిందో చూడండి. 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద డిస్కౌంట్ ఇచ్చారు, టూవీలర్లకు 75 శాతం. 2023 డిసెంబర్‌లో మళ్లీ ఇచ్చారు, టూవీలర్లకు 80 శాతం. బకాయిలు వసూలు కావాలి, నేను కాదనను. కానీ వెంటనే నిజాయితీగా మొత్తం కట్టినవాడు ఏమనుకోవాలి? మా ఇంటి ఎదురు కుర్రాడు ఇప్పుడు చలానా వస్తే కట్టడు. "తొందరేముంది అంకుల్, ఆఫర్ వస్తది" అంటాడు. దసరా సేల్ కోసం చీర కొనకుండా ఆగినట్టు! వాడిని తిట్టాలో, వాడికి అలా నేర్పినదాన్ని తిట్టాలో నాకు తెలియదు.

ఇదే రోడ్డు మీద ఇంకో సంగతి. మీరు కాజీపేట వైపు పోతుంటే ఎదురుగా వచ్చే బండివాడు లైటు రెండుసార్లు కొట్టి "ముందు పోలీసులున్నరు" అని చెప్తాడు. వాడెవడో మీకు తెలియదు. వాడికి పైసా లాభం లేదు. అలా చెప్పాలని ఏ చట్టంలోనూ లేదు, చెప్పకపోతే చలానా లేదు. అయినా అందరూ చెప్తారు. మనం రూల్స్ పాటించని జనం అని ఎవరన్నా నేను ఒప్పుకోను. మనది అనుకున్న రూల్‌ను ప్రాణం పోయినా పాటిస్తాం. మనం పాటించనిది, వాళ్లది అనుకున్న రూల్‌ను.

అమెరికాలో టామ్ టైలర్ అనే సైకాలజిస్టు 1984లో షికాగో నగరంలో 1,575 మందిని ఫోన్లో ఇదే అడిగాడు. చట్టాన్ని ఎందుకు పాటిస్తారని. దొరికిపోతామన్న భయం అందరూ అనుకునేంత పెద్ద కారణం కాదని తేలింది. పోలీసు, కోర్టు నన్ను న్యాయంగా చూశాయి, నా మాట విన్నాయి అనుకున్నవాళ్లు, తీర్పు తమకు వ్యతిరేకంగా వచ్చినా చట్టాన్ని ఎక్కువగా మన్నించారు. మీరూ చూడండి, ఏ వర్క్‌షాపులో ఫోర్‌మన్ తాను హెల్మెట్ లేకుండా తిరుగుతూ మిమ్మల్ని పెట్టుకోమంటాడో అక్కడ ఒక్కడి తల మీదా ఉండదు.

కంపెనీలు ఎందుకు పాటిస్తాయి అంటే, దాని గురించి పెద్దగా చెప్పను. ఇన్‌స్పెక్షన్, ఇన్సూరెన్స్, సరుకు కొనేవాడి షరతులు. అందరికీ తెలిసినవే. ఒక్క పాత సంగతి మాత్రం చెప్పాలనిపిస్తోంది, మన ఓరుగల్లుది కాబట్టి. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు. మోటుపల్లి ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున ఉంటుంది. అప్పట్లో తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో సరుకంతా రాజుదే. ముందటి రాజులందరూ అలాగే లాక్కున్నారు. గణపతిదేవుడు ఇక అలా తీసుకోనన్నాడు. సరుకులో ముప్పైయో వంతు సుంకం, అంతే, మిగతాది వ్యాపారిదే. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చినవాణ్ణి దోచుకోకూడదని అందులోనే కారణం కూడా చెక్కించాడు. ఆ ఓడ సరంగు ఓరుగల్లును జన్మలో చూసి ఉండడు. రాజు మాట రాయి మీద ఉంది, రాజే దానికి కట్టుబడ్డాడు అని నమ్మితేనే ఓడను ఇటు తిప్పుతాడు. దయతోనే చేశాడని శాసనం అంటుంది. ఓడలు వస్తే సుంకం వస్తుందన్న లెక్క కూడా ఉండే ఉంటుంది. ఉంటే ఉండనీయండి. లాభం కోసం పాటించిన రూల్ కూడా రూలే, సరంగుకు సరుకు దక్కింది కదా.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవాడిని కదా, నేనేదో పెద్ద క్రమశిక్షణ గలవాడినని మీరు అనుకోకముందే.

ఇన్‌స్ట్రక్టర్ కాకముందు ఇంకో ఫ్యాక్టరీలో మూడేళ్లు చేశాను. అక్కడ ఎర్త్ పిట్లు, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే గుంతలు, ఆరు. ప్రతి దానికీ ఎర్త్ మెగ్గర్ అనే మీటరు పెట్టి రెసిస్టెన్స్ కొలిచి రిజిస్టర్‌లో రాయాలి. మొదటి ఏడాది బుద్ధిగా కొలిచాను. 1.8 ఓమ్‌లు, 1.9, 1.8. రెండో ఏడాది వాన. పిట్లు వెనకాల బురదలో ఉన్నాయి. ఎప్పుడు కొలిచినా 1.8, 1.9 తప్ప రావు కదా అనుకుని కూర్చున్నచోటే రాసేశాను. అందంగా రాశాను, ఒకచోట 2.0 కూడా వేశాను, అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని. (నవ్వులు) నవ్వకండి, మీరూ ప్రాక్టికల్ రికార్డులో అదే చేస్తారు. ఆఫీసులో ఆ రిజిస్టర్ చూసి అందరూ సంతోషం. నాలుగుసార్లు అలాగే రాశాను. తర్వాత ఒక ఆపరేటర్, ఆడమనిషి, మెషిన్ బాడీ ముట్టుకుంటే జుమ్మంటోందని వచ్చి చెప్పింది. వెళ్లి పిట్ తవ్వి చూస్తే భూమిలోకి పోయే ఇనుప వైరు తుప్పు పట్టి తెగిపోయి ఉంది. నా రిజిస్టర్‌లో మాత్రం అది 1.9.

ఆమెకు ఏమీ కాలేదు. చెప్పులేసుకుంది, నేల పొడిగా ఉంది. అసలు రూల్ లేకపోయినా బాగుండేదేమో అని నాకు ఆ రాత్రి అనిపించింది. రూల్ లేకపోతే ఎవరో ఒకరు అనుమానంతో చూసేవాళ్లు. రిజిస్టర్ ఉండటం వల్ల ఎవరూ చూడలేదు. ఆ సుద్దగీత చూసుకుని దిగేవాడి సంగతి చెప్పాను కదా. బావ కప్పు కొట్టి వినకుండా గీత మాత్రం గీస్తే ఎలా ఉంటుందో, నేను చేసింది అది.

పెద్దవాళ్లకూ ఇదే జరుగుతుంది. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ స్పేస్ షటిల్ ఎగిరిన 73 సెకన్లకు పేలిపోయింది. ఏడుగురు పోయారు. బూస్టర్ రాకెట్ అతుకుల్లో రబ్బరు రింగులుంటాయి. అవి దెబ్బతింటున్నట్టు అంతకుముందు ప్రయోగాల్లోనే కనబడింది. అలా కాకూడదు. కానీ షటిల్ క్షేమంగా తిరిగొచ్చింది. మళ్లీ కనబడింది, మళ్లీ తిరిగొచ్చింది. తిరిగొచ్చిన ప్రతిసారీ "ఈమాత్రం పర్వాలేదు" అన్న గీత ఇంకాస్త జరిగింది. ముందు రోజు రాత్రి, ఇంత చలిలో వద్దు, రింగులు బిగుసుకుపోతాయి అని ఇంజినీర్లు మొత్తుకున్నారు. చెప్పింది తెలివి లేనివాళ్లూ కాదు, విననిది తెలివి లేనివాళ్లూ కాదు.

రూల్ తప్పే ప్రతివాడూ నిర్లక్ష్యంగా ఉన్నాడని మాత్రం అనకండి. మన ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రైతు తానే ఫ్యూజు వేసుకుంటాడు. వేయకూడదని అతనికి తెలుసు. వరి పొట్టకొచ్చింది, మడి నెర్రెలు బారుతోంది, లైన్‌మన్‌కు చూడాల్సిన ఊళ్లు చాలా ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు లైను ఆపే ఏబీ స్విచ్ హ్యాండిల్ దింపుతాడు. ఆ స్విచ్‌కు మూడు బ్లేళ్లు. రెండు విడిపోతాయి. మూడోది తుప్పుకు అతుక్కుని అలాగే ఉండిపోతుంది. హ్యాండిల్ కిందికే వచ్చింది కాబట్టి అంతా ఆగిందనుకుంటాడు. చీకట్లో కింద నుంచి పైన బ్లేడు కనబడదు. అతనికి "ట్రాన్స్‌ఫార్మర్ ముట్టరాదు" అని బోర్డు పెడితే సరిపోదు. లైన్‌మన్ ఎంతసేపట్లో వస్తాడో కూడా ఆ బోర్డు మీద ఉండాలి. ఎండుతున్న మడిని లెక్కలోకి తీసుకోని రూల్‌ను ఆ మడి పక్కన నిలబడ్డవాడు ఎందుకు పాటిస్తాడు?

గ్లౌజుల సంగతీ అంతే. మే నెలలో మన వరంగల్ ఎండలో మందపాటి రబ్బరు గ్లౌజులు తొడుక్కుని చిన్న నట్టు తిప్పి చూడండి. చెమటకు లోపల చెయ్యి జారుతుంది, నట్టు వేళ్లకు తెలియదు. తీసి పక్కన పెడతారు. చెప్పకుండా తీసి పక్కన పెడితే, అవి పనికిరావని కొన్నవాడికి ఎప్పటికీ తెలియదు, వచ్చే ఏడాదీ అవే కొంటాడు. అందరిలో లేచి చెప్పండి. తిడతారు. చెప్పండి.

నాకిచ్చిన టైమ్ అయిపోయింది. ఎవరైనా ఏమైనా అడుగుతారా?

(ఒక విద్యార్థి: సార్, ఓనరే లైను ఆపకుండా చేయమంటే?)

మంచి ప్రశ్న. ఓనర్‌తో రూల్ నంబర్ చెప్పి కొట్లాడకు, నీ ఉద్యోగం పోతుంది. ఆయనకు ఆగిపోయే టైమ్ అంటే టెన్షన్. "సార్, ఆపి చేస్తే పన్నెండు నిమిషాలు, ఇప్పుడే టీ టైమ్‌లో ఆపేద్దాం" అను. అంకె చెప్పు. చాలాసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే టెస్టర్ ఆయన చేతికిచ్చి, నువ్వు రెండడుగులు వెనక నిలబడు.

(మరో విద్యార్థి: మీరు ఎప్పుడూ లైవ్‌లో, కరెంటు ఉండగానే, చేయలేదా సార్?)

చేశాను. మూడుసార్లో నాలుగుసార్లో. ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కాబట్టే నాలుగోసారి చేశాను.

ఇప్పుడు మా ఇంట్లో ఫ్యూజుల బదులు అన్నీ ఎంసీబీ స్విచ్చులే. లాగి జేబులో పెట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఎవరైనా వేలితో పైకి అనేయొచ్చు. మీరు ఫ్యాక్టరీలకు వెళ్తే వాటికి తాళం వేసే క్లిప్పులు ఉంటాయి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. మా ఇంట్లో ఆ క్లిప్పు లేదు. నేను ఫ్యాన్ విప్పడానికి స్టూల్ ఎక్కితే మా ఆవిడ వెళ్లి బోర్డు దగ్గర నిలబడుతుంది. నేను దిగి వచ్చి "అయింది" అనేదాకా కదలదు. పోయిన ఆదివారం పాలబ్బాయి బెల్లు కొట్టి కొట్టి, పావుగంట గేటు బయటే నిలబడ్డాడు.